చీపురు లేని ఊళ్లో అయిదు రోజులు

మా వీధిలో కాశీ చూసొచ్చినవాళ్లున్నారు, అరుణాచలం చుట్టొచ్చినవాళ్లున్నారు. తిరిగొచ్చాక నెల రోజులపాటు కుళాయి దగ్గర నిలబడి వాళ్లు చెబుతారు, మేము బిందెలు నింపుకుంటూ వింటాం. ఇప్పుడు నా వంతు. నేను వెళ్లొచ్చిన ఊరికి బస్సు లేదు, రైలు లేదు. కూర్మన్నపాలెంలో మా ఇంటి ముందు గదిలో చాప మీద కూర్చునే వెళ్లొచ్చాను. టిక్కెట్టు లేదన్నారు గనక వెళ్లాను. ఉంటే వెళ్లేదాన్ని కాదు.

ఆ ఊరి పేరు నీలిరేవు. కంప్యూటరు తెర లోపల ఉంటుంది. ఎక్కడెక్కడి తెలుగువాళ్లో, ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని ఆ ఊరిని కట్టుకున్నారు. వీధులున్నాయి, మేడలున్నాయి, సముద్రం ఉంది, పొలాలున్నాయి. వెళ్లిన ప్రతి మనిషికీ లోపల ఒక బొమ్మ ఒళ్లు ఇస్తారు. మనం ఇక్కడ మీట నొక్కితే అది అక్కడ నడుస్తుంది. మనం ఇక్కడ మాట్లాడితే అక్కడివాళ్లకి వినబడుతుంది. నా మనవరాలు ప్రసన్న, మా అబ్బాయి కూతురు, మధురవాడలో ఇంజనీరింగు చదువుతోంది. రెండేళ్లుగా ఆ ఊళ్లో అది మేస్త్రీ. ఇంట్లో మంచం కింద ఒక్కనాడు ఊడ్వని పిల్ల అక్కడ మేడలు కడుతుందట.

సెలవులకి ఇంటికొచ్చిన ఆ పిల్ల ఒక సోమవారం నాడు అన్నం కంచం ముందు కూర్చుని ఏడ్చింది. సంగతేమిటంటే, నీలిరేవు మధ్యలో ఇది పెద్ద సావడి కట్టింది. దాని నేలంతా ఒక ముగ్గు పరిచింది. నా దగ్గర నేర్చుకున్న ముగ్గే. కింద పలక మీద "మా మామ్మ వాళ్ల అమ్మ ముగ్గు" అని రాసింది. ఇప్పుడు గౌరి అనే ఆవిడ వచ్చి, అది మా అమ్మ ముగ్గు, ఈ పిల్ల నా దగ్గర దొంగిలించింది అని ఊరి పెద్దల ముందు ఫిర్యాదు పెట్టింది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి సభ. దొంగతనమని తేలితే ముగ్గు తీసేస్తారు, ప్రసన్నని ఊళ్లోంచి పంపేస్తారు.

"తీసినావా?" అని అడిగాను. ఏడుపు సంగతి తరవాత, ముందు అది తేలాలి.

"నేదు మామ్మా! ఆవిడ ముగ్గు నాను సూడనేనేదు. నువ్వే గదా నేర్పినావు."

"నేని ఊరు, నేని నేల, నేని పిండితో ఏసిన ముగ్గు. దొంగతనం మాత్రం ఉందేటి?"

"అక్కడ నన్నెరిగినోళ్లు వందమంది ఉన్నారు మామ్మా. ఆళ్లందరూ నిజంగా ఉన్నోళ్లే."

దాని కంచంలో ఇంకొంచెం పప్పు వేశాను.

"నువ్వొచ్చి ఒక్క ముక్క సెప్పు. ఇది మా అమ్మ ముగ్గూ అని. సాలు."

మూడో తరగతితో బడి మానేసినదాన్ని. కంప్యూటరుని తుడిచానే గాని ముట్టుకోలేదు. అయినా మంగళవారమే బయల్దేరాను. సాక్ష్యం చెప్పాల్సిన చోటు ముందుగా ఒకసారి చూసుకోవడం మంచిది.

మంగళవారం: ఒళ్లు ఎంచుకోవడం

ఆ ఊళ్లో కాలు పెట్టాలంటే ముందు కాళ్లు ఎంచుకోవాలి. చేతులు, ముక్కు, నడుము, అన్నీ వరసగా బల్ల మీద పెట్టినట్టు చూపిస్తారు. అన్ని నడుములూ నా ముంజేతి లావే ఉన్నాయి. తెల్ల జుట్టు ఉంది గాని దాని కింద పద్దెనిమిదేళ్ల మొహం ఉంది. ముసలి మొహం లేదా అంటే ప్రసన్న వెతికి వెతికి, గడ్డంతో ఉన్నది ఒకటుంది మామ్మా అంది.

ఇక బట్టలు. ఊరికే ఇచ్చేవి పొట్టి లాగులు, చేతుల్లేని బనీన్లు. చీర కావాలంటే నూట నలభై రూపాయలు.

"ఉతకక్కర్నేదు, చిరగదు, రంగు పోదు మామ్మా," అంది పిల్ల, కొట్టువాడిలాగ.

"ఒంటికి తగలదు గూడా. పూర్ణా మార్కెట్టుకెల్తే ఆ డబ్బుకి రెండు జాకెట్టు ముక్కలొత్తాయి. తగుల్తాయి."

ఊరికే ఇచ్చేవాటిలో ఒళ్లంతా కప్పేది ఒక్కటే దొరికింది. గోనెసంచి రంగు అంగీ, నడుముకి తాడు, నెత్తికి ముసుగు. సన్యాసుల వేషమట. దానితోనే అయిదు రోజులూ తిరిగాను. ముసుగులోంచి పద్దెనిమిదేళ్ల మొహం తొంగి చూస్తుంటే నాకే సిగ్గేసింది గాని, పైసా ఖర్చు కాలేదు.

నడవడానికి నాలుగు మీటలు. ముందుకి పోయే మీట నొక్కాను, ఒళ్లు పోయింది. ఆపడానికి మీట ఏదని వెతుకుతున్నాను. వేలు తీస్తే ఆగుతుందని ఎవరూ చెప్పలేదు. వీధి దాటాను, రేవు దాటాను, సముద్రంలోకి దిగిపోయాను. నీళ్లు తలదాకా వచ్చాయి, తల దాటాయి, నేను నడుస్తూనే ఉన్నాను. అడుగున ఇసుక, పైన చేపలు. తడవలేదు, చావలేదు. ప్రసన్న తన బొమ్మతో లోపలికి దిగి నన్ను లాక్కొచ్చింది. గట్టెక్కాక మొదటి ఇంటి ముందు ఆగి చెప్పులు విప్పబోతే, విప్పడానికి మీట లేదంది. అందరూ చెప్పులతోనే ఇళ్లలోకి, గుళ్లోకి, మంచాల మీదికి. నేను గుడి మెట్ల దాకా వెళ్లి వెనక్కొచ్చేశాను.

బుధవారం: బజారు

నీలిరేవు బజారుకి ఒక మర్యాద ఉంది. మన దగ్గర కొత్త మనిషి కనబడితే ఏ ఊరు, ఎవరి తాలూకు అంటాం. అక్కడ "ఎన్ని గంటలైంది మీరొచ్చి?" అంటారు. ఆ ఊళ్లో ఎన్ని గంటలు గడిపారన్న దాన్ని బట్టి మనిషికి గౌరవం. నాకు మూడు గంటలు. పక్కనున్న పిల్లకి నాలుగు వేలు. నాకంటే పెద్దదన్నమాట.

టీ కొట్టు దగ్గర కోడిపుంజు తలతో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నా అలవాటు కొద్దీ అడిగాను. "మీదే ఊరు బాబూ?"

కోడి తల నా వైపు తిరిగింది. "రెండేళ్లలో నన్నీ ముక్క అడిగినోళ్లు మీరే పెద్దమ్మా. మాది ఇక్కడే, విశాపట్నం. పాత ఊళ్లో గాజుల కొట్టు. సలీం అంటారు."

"మరా కోడి తలేటి బాబూ?"

"పొద్దల్లా కొట్లో నా మొహమే పెట్టుకుని కూకుంటాను గదా. ఇక్కడికొచ్చీ అదేనా?"

మాటకారి. నాకు బజారంతా తిప్పి చూపించాడు. ధరలు రాసుకోండి. ఇల్లు ఉచితం. ఇంట్లో పెంచుకునే పిల్లికి టోపీ తొంభై రూపాయలు. ఆవు అరవై, పాలివ్వదు. పాలివ్వని ఆవుకి నలభై ఇస్తానన్నాను. బేరాల్లేవు పెద్దమ్మా, ధర కంప్యూటరు పెట్టింది, అన్నాడు. కంప్యూటరుతోనే మాట్లాడించు అన్నాను. కోడి కడుపు పట్టుకుని నవ్వింది. చివరికి టీ ఊరికే ఇప్పించాడు. గ్లాసు పట్టుకున్న చెయ్యి లేచింది, దిగింది. అంతే, టీ అయిపోయింది. ఉసూరుమని లేచి మా వంటింట్లోకి వెళ్లి అల్లం దంచి నిజం టీ పెట్టుకున్నాను. అక్కడ నా ఒళ్లు ఏమవుతుందని నాకు తట్టలేదు. తిరిగొచ్చేసరికి బజారు మధ్యలో నా సన్యాసి కళ్లు తెరుచుకుని కదలకుండా నిలబడి ఉన్నాడు, చుట్టూ ఆరుగురు చేరారు. సమాధిలోకెళ్లాడని ఒకడు, కరెంటు పోయిందని ఒకడు.

నాకు కావలసిన వస్తువు ఒకటి ఆ బజారంతా వెతికినా దొరకలేదు. చీపురు. ఎవరినడిగినా ఎందుకన్నారు. ఆ ఊళ్లో దుమ్ము లేదు. రాలిన ఆకు నేలకి తగలగానే మాయమవుతుంది. అంత శుభ్రం చూస్తే నాకు చేతులు ఊరుకోలేదు.

వచ్చేటప్పుడు సలీం గొంతు తగ్గించాడు. ఆదివారం సభలో ముగ్గురు పెద్దల్లో అతనొకడు.

"గౌరి గారు అబద్ధమాడీ మనిషి కాదు పెద్దమ్మా. మీ ప్రసన్నా కాదు. అదే నా బాధ. ఒకళ్లని ఎలగొట్టాల్సి వత్తాది."

"నా మనవరాలు దొంగ కాదు," అన్నాను. గట్టిగానే అన్నాను.

గురువారం: పొలాలు

ఊరి వెనక పచ్చటి పొలాలు. చిన్నారావు అనే కుర్రాడు, మధురవాడలో కంప్యూటరు ఉద్యోగి, అక్కడ వరి వేస్తున్నాడు. సొంత ఊరు శ్రీకాకుళం అవతల. ఆఫీసు అవగానే ఇక్కడికొచ్చి సాగు చేస్తాడట.

అతను గింజలు అలా చల్లి ఇలా నిలబడ్డాడు. నాకు ఆగలేదు.

"నారు పొయ్యవేటి బాబూ? గట్టేదీ? నీళ్లెలా నిలుత్తాయి?"

"ఇక్కడ అవేటీ అక్కర్నేదు మామ్మగారూ. ఎనిమిది నిమిషాల్లో కోతకొచ్చీత్తాది."

వచ్చింది. నా కళ్లతో చూశాను. ఎనిమిది నిమిషాలు. పురుగు లేదు, వాన లేదు, కూలీలు రాలేదన్న గొడవ లేదు.

"నాకిక్కడ ముప్ఫై ఎకరాలుంది," అన్నాడు కొంచెం గొప్పగా.

"మీ నాన్నకో?"

"ఎకరం పాతిక సెంట్లండి."

"నీ ముప్ఫై ఎకరాల సంగతి ఆయనకి సెప్పినావా?"

"సెప్పనేదండి. నీళ్లెలా పెడతన్నావురా అనడుగుతాడు."

ఆ పిల్లాడికి పనైనా నేర్పుదామని గట్టు వేయించాను. ఒక మూల నారుమడి పోయించాను. నారు పీకి నాటమన్నాను. పీకగానే ఆ పొలం దాన్ని కోత కిందే జమ కట్టి బస్తా బియ్యం అతని చేతిలో పెట్టింది. మళ్లీ పోశాం, మళ్లీ పీకాం, మళ్లీ బస్తా. ఆ పొలానికి నాటు అంటే ఏమిటో నేర్పేవాళ్లెవరూ లేరు.

ఈ గొడవలో నాకు ఆకలేసింది. చాప మీదే చోడి అంబలి, అదే రాగి అంబలి, గ్లాసుతో పెట్టుకుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ కూర్చున్నాను. చెవికి తగిలించుకున్న దానిలోంచి ఆ చప్పుడు పొలం పొలమంతా వినబడుతోందని నాకేం తెలుసు? పక్క చేలో వాళ్లు కూడా కోత ఆపేశారట.

"మామ్మగారూ," అన్నాడు చిన్నారావు, "అంబలేనా అది?"

"అంబలే. ఏటి, ఈ సెవిది కట్టీమంటావా?"

"కట్టకండి. ఇంకోసారి కొరకండి."

కొరికాను. తరవాత మాత్రం, ఆదివారం నేను మీ నాన్న సంగతి అడుగుతాను, ఈలోగా ఫోను చెయ్యి అని చెప్పి వచ్చేశాను.

శుక్రవారం: ముగ్గుల వీధి

సముద్రం ఒడ్డున ఒక వీధి పొడుగునా వాకిళ్లే. ఇళ్లు లేవు, వాకిళ్లు మాత్రం ఉన్నాయి. బొమ్మలు వేసేవాళ్లు, ముగ్గులు వేసేవాళ్లు ఎవరి వాకిట్లో వాళ్లు తమ పని పరిచి పెడతారు. ఒకటి గీసి వెనక్కి తిరిగితే నలుగురు చేరి బాగుందంటారు. కొందరు రంగులు మార్చమంటారు. ఒకళ్లకొకళ్లు చెప్పుకునే తీరు చూస్తే ముచ్చటేసింది. మన దగ్గర ఎదురింటావిడ ముగ్గు బాగుందని నోటితో చెప్పినవాళ్లని నేను చూడలేదు.

ఎవరూ చెప్పరు గాని అందరూ చూస్తారు. పాలకని బయల్దేరి, ఆ వాకిలి ముందు కొంగు సర్దుకున్నట్టు ఆగి, చుక్కలు లెక్కపెట్టుకుని మర్నాడు మన వాకిట్లో వేసుకుంటాం. దాన్ని దొంగతనమని ఎవరూ అనరు. పది గంటలకల్లా అడుగులు పడి, సైకిళ్లు తిరిగి, ఆ ముగ్గు ఎలాగూ పోతుంది. పోయేదానికి పేరెందుకు? నీలిరేవులో తొక్కినా చెదరదు, వాన పడదు, ఊడ్వడానికి చీపురే లేదు. వేసింది వేసినట్టే ఉండిపోతుంది గనక ప్రతి ముగ్గు కిందా ఒక పలక, పలక మీద పేరు.

గౌరి వాకిలి వీధి చివర. నేను వెళ్లింది తగువుకి కాదు. ఎదటివాళ్ల సరుకు చూసుకోవాలి కదా అని వెళ్లాను.

పదిహేను చుక్కల ముగ్గు. నడుమ ఎనిమిది రేకుల పువ్వు. మెలికలన్నీ ప్రసన్న సావడిలో పరిచినవే. మూడు మూలల్లో పావురాల జంటలు. ప్రసన్న ముగ్గులో నాలుగో మూల చేప ఉంటుంది. ఇక్కడ నాలుగో మూల ఏమీ లేదు. ఖాళీ.

ఆ ఖాళీ చూడగానే నా చేతిలో మౌసు ఆగిపోయింది.

మా ఆయన స్టీలు ప్లాంటు ఉద్యోగానికి ఉక్కునగరంలో మాకు మొదట ఇచ్చిన క్వార్టరుకి నాలుగిళ్ల అవతల కొండమ్మ ఉండేది. నాకప్పుడు నాలుగు చుక్కల ముగ్గు తప్ప రాదు. మా అమ్మకీ అంతే వచ్చు. తెల్లారకముందే పొలానికి పోయే మనిషి. ధనుర్మాసంలో సెక్టారంతా రథాలూ నెమళ్లూ వేస్తుంటే నా గుమ్మం ముందు నాలుగు చుక్కలు చూసి ఆడవాళ్లు మూతులు తిప్పుకునేవారు. ఒకనాడు పొద్దున్నే పాలకెళుతూ కొండమ్మ వాకిలి ముందు ఆగాను. చుక్కలు లెక్కపెట్టుకున్నాను. పువ్వు చూసుకున్నాను. మూడు మూలలు చూసుకున్నాను. నాలుగో మూల మీద ఆవిడ మొగుడి సైకిలు నిలబెట్టి ఉంది, ఏ షిఫ్టుకి బయల్దేరడానికో. దాని కింద ఏముందో కనబడలేదు. వంగి చూడబోతే లోపల గొళ్లెం చప్పుడైంది. ఇంటికొచ్చి, తెలియని ఆ మూలలో నాకు తోచిన చేపనొకదాన్ని వేశాను.

తరవాత వేరే సెక్టారులో క్వార్టరు వచ్చింది. కొత్త వీధిలో ఎవరో అడిగారు, ఇంత ముగ్గు ఎవరు నేర్పారమ్మా అని. మా అమ్మ అన్నాను. ఒకసారి అన్నాక మార్చడం కుదరలేదు. ముప్ఫై అయిదేళ్లు అంటూ అంటూ నేనే నమ్మేశాను. చూసి వేసుకోవడం తప్పు కాదు. ఆ ఒక్క మాట తప్పు.

"ఎవరు స్వామీ?" అంది ఎవరో. ఎర్ర చీర కట్టుకున్న పొడుగాటి బొమ్మ. చీర కొనుక్కుందన్నమాట.

"స్వామిని కాదమ్మా. ప్రసన్న మామ్మని."

బొమ్మ ఒకడుగు వెనక్కి వేసింది. "ఆదివారం సాచ్చెం సెప్తారంట గదా."

"ఈ మూల ఖాళీ ఎందుకమ్మా?" అన్నాను.

"మా అమ్మ అలాగే ఏసీది. పిండి సాలక వొదిలీసీదేమో, నాకు తెల్దు. అప్పుడు నాకు ఆరేళ్లు. అడుగుదారంటే ఇప్పుడు అమ్మా నేదు, నాన్నా నేడు." గౌరి ఆటోనగర్ దగ్గర మిషను కుట్టుకుంటుందట. ఆ మిషను పక్కనే కంప్యూటరు. "ఆవిడ సెయ్యి నా దగ్గర మిగిలింది ఇదొక్కటేనండి. ఇదీ మీ అమ్మదే అంటే నానేటి సెయ్యాల?"

నేను కంప్యూటరు మూత దించేశాను. మూత దించితే అక్కడి నా ఒళ్లు ఏమవుతుందో ఆ పూట నేను ఆలోచించలేదు.

శనివారం వెళ్లలేదు

బడిలో పక్క పిల్లాడి పెన్సిలు తెచ్చాడని ప్రసన్న తండ్రిని ఎండలో అంత దూరం నడిపించి తిరిగి ఇప్పించినదాన్ని. నిజం చెబుదామని రెండుసార్లు ప్రసన్నని పిలిచాను. మొదటిసారి పప్పు నానబెట్టమన్నాను. రెండోసారి వచ్చినప్పుడు అదే నాకు టీ పెట్టి తెచ్చింది.

"రేపు నువ్వుంటే నాకు బెంగ నేదు మామ్మా," అంది.

టీలో పంచదార ఎక్కువైందని తిట్టాను.

ఆదివారం: సభ

ప్రసన్న కట్టిన సావడిలో నలభై మంది దాకా చేరారు. మేక తలలు, చందమామ తలలు, మామూలు తలలు. చిన్నారావు బియ్యం బస్తాతో వచ్చాడు. నాన్నకి ఫోను చేశానండి, నారుమడికి ఎన్ని గింజలు చల్లాలో గంటసేపు చెప్పాడు అన్నాడు. కోడిపుంజు తలతో సలీం మధ్యలో కూర్చున్నాడు. అటూ ఇటూ ఇద్దరు పెద్దలు.

గౌరి తన ముగ్గు గురించి చెప్పింది. ప్రసన్న, ఇది మా ఇంట్లో మూడు తరాలుగా ఉంది, మా మామ్మ వచ్చింది, అడగండి అంది. అది నా పక్కనే చాప మీద కూర్చుని, నా మోకాలి మీద చెయ్యి వేసి ఉంది.

"సెప్పండి పెద్దమ్మా," అన్నాడు సలీం.

ఆసరాకి రెండు చేతులూ ముందుకి ఆనించాను.

"బాబూ, నా మనవరాలు దొంగ కాదు. దొంగని నాను. ఇది మా అమ్మ ముగ్గు కాదు. గౌరి వాళ్లమ్మ కొండమ్మది. నాను సూసి ఎత్తుకొచ్చినాను. మా అమ్మదని ఈ గుంటకి అబద్ధం సెప్పినాను."

మోకాలి మీద చెయ్యి తీసేసింది ప్రసన్న. ఇంతలో అదే నా చెవిలో, "మామ్మా, సేతులు తియ్యి! డాన్సాడతన్నావు!" అంది.

చూస్తే, నా చేతులు మీటల మీద ఉన్నాయి. తెర లోపల నా సన్యాసి అంగీ ఎగరేసుకుంటూ, చేతులు ఊపుతూ, నడుము తిప్పుతూ గంతులేస్తున్నాడు. ఎంతసేపటి నుంచో!

"మీ మాట నమ్మతన్నాం పెద్దమ్మా," అన్నాడు సలీం, నవ్వు బిగబట్టుకుని. "ఆ డాన్సే కొంచెం ఆపండి."

ఆపాను. ఆపి మొత్తం చెప్పాను. నాలుగు చుక్కలు, పాలకెళ్లడం, మూడు మూలలు, సైకిలు, చేప.

"సైకిలు ఏ మూలుంది?" అంది గౌరి.

"నీ ముగ్గులో ఖాళీగా ఉన్న మూల."

"ఆ రోజేనా?"

"ఎప్పుడెల్లినా అక్కడే ఉండీది. దాని కింద ఏటుందో సూద్దారని ఎన్నిసార్లు ఆగినానో."

"దాని కింద ఏటీ నేదండి," అంది గౌరి. బొమ్మ మొహంలో ఏమీ తెలియదు గాని, ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. "పిండి సాలక కాదు. నాన్న సైకిలు పెట్టుకుంటాడని ఆ మూల వొదిలీసీది."

నెమలి ఉందేమో, రథం ఉందేమో అని ఆ రోజుల్లో ఎంతో ఊహించుకున్నాను. కొండమ్మ అక్కడ మొగుడి సైకిలుకి చోటు వదిలింది. అక్కడేమీ లేదని గౌరికి తెలుసు. సైకిలుండేదని నాకు తెలుసు. ఇద్దరం ఒక చోట చేరితే గాని ఆ మూల పూర్తి కాలేదు.

"మరేటి సెయ్యమంటారు గౌరి గారూ?" అన్నాడు సలీం.

"ఆ పిల్లని పంపకండి. తెలక సేసింది. ముగ్గూ ఉంచండి. సేపని గూడా ఉంచండి, అది ఈవిడ సొంతం." తరవాత ప్రసన్నని పిలిచింది. "పాపా, నువ్వు బాగా కడతావు గదా. నా ముగ్గు మూలన సైకిలొకటి నిలబెడతావేటి?"

ప్రసన్న గొంతు ఇంకా తడిగానే ఉంది. "ఎలాంటి సైకిలండి?"

"నాకు గురుతు నేదమ్మా."

నలభై తలలూ నా సన్యాసి వైపు తిరిగాయి. చెప్పాను. నల్లటి సైకిలు. వెనక కేరేజీకి అన్నం కేరియరు, పాత ట్యూబు ముక్కతో కట్టి. ముందు చక్రం పైన రేకు మీద పసుపు బొట్టు. బెల్లు లేదు. సీటుకి చిరుగు, దాని మీద చీర ముక్కతో కుట్టిన తొడుగు, ఆకుపచ్చది.

"దొంగతనానికొచ్చి సైకిల్నింతలా సూసినారేటి!" అంది గౌరి. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

ఇక సావడి పలక మీద పాత మాట చెరిపి కొత్తది రాయాలి. ప్రసన్న వేళ్లు మీటల మీద పెట్టి కూర్చుంది. నా వైపు ఇంకా చూడలేదు.

"ముగ్గు ఏసింది కొండమ్మ అని రాయి," అంది గౌరి. "ఇక్కడ పరిచింది ప్రసన్న అని రాయి. నడుమ ఈవిడగారిని ఏటని రాయాల?"

"సూసి నేర్సుకుంది అందాం," అన్నాడు సలీం. "మర్యాదగా ఉంటాది."

"ఎత్తుకొచ్చింది సూరమ్మ అని రాయి," అన్నాను.

అప్పుడు తిరిగి చూసింది ప్రసన్న. "నిజంగా రాసీమంటావేటి మామ్మా?"

"రాసీ. అచ్చరాలు పెద్దవి సెయ్యి. నాలాగ కూడబలుక్కుని సదివీవోళ్లు గూడా వత్తారు."